భయపడ్డ ప్రాణికి అభయదానం



వందన అయ్యాక మనం చేతులు జోడించి పంచశీలాలు చెప్పుకుంటాం. మొదటిది, ప్రాణుల్ని హింసించను అని. నోటితో అనడానికి పది సెకన్లు చాలు. అదే మాట మన చేతులకీ, అడుగులకీ, కళ్ళకీ నేర్పాలంటే మాత్రం నెలలు పడుతుంది. ఈసారి పుస్తకం ఆ నేర్పు గురించే. విషయం పిల్లులు. నవ్వితే నవ్వండి గానీ చివరిదాకా చదవండి.

ఏ.ఎస్. రావు నగర్, కాప్రా, కుషాయిగూడ వైపు మన కుటుంబాల పిల్లలు కొందరు జంతువుల షెల్టర్లలో వలంటీర్లుగా చేరారు. ఎక్కువమంది డిగ్రీ చదువుతున్నవాళ్లు. మన నగరంలో ఈ పని కొత్తదేం కాదు. 1992లో అక్కినేని అమల బ్లూ క్రాస్ మొదలుపెట్టారు, తర్వాత చిన్నా పెద్దా చాలామంది ఈ పనిలోకి వచ్చారు. కుక్కల సంగతి అందరికీ తెలుసు. తోక ఊపుతుంది, మీదికొస్తుంది, చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ముచ్చటపడి తీసుకుపోతారు. పిల్లి అట్లా కాదు. కొత్త చోటికి రాగానే ట్రే వెనకో, గుడ్డ కిందో దూరుతుంది, రోజుల తరబడి బయటికి రాదు. కనబడని పిల్లిని ఎవరూ పెంచుకోరు. పెంచుకోకపోతే బోను ఖాళీ కాదు. బోను ఖాళీ కాకపోతే రోడ్డు మీద దెబ్బ తిన్న ఇంకో పిల్లికి చోటుండదు. అందుకని ఈ భయపడ్డ పిల్లుల్ని మనుషులకి అలవాటు చేసే పని వలంటీర్లకి ఇస్తున్నారు. ఆ పిల్లలతో కూర్చుని మాట్లాడిన మాటలే ఇవి.

వాళ్లకంటే ముందు మన పెద్దలకి జవాబు చెప్పాలి. "మన మనుషులకే దిక్కు లేదు, పిల్లులకి సేవలు చేస్తారా?" అని ఒక పెద్దాయన మొహం మీదే అడిగారు. ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. దాని వెనక మన చరిత్ర అంతా ఉంది. 1927 మార్చి 20న మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకోవడానికి బాబాసాహెబ్ అంతమందిని వెంటబెట్టుకుని నడవాల్సి వచ్చింది. పశువుకి అడ్డులేని చెరువు మనిషికి అడ్డయింది. 1931 ఆగస్టు 14న బొంబాయి మణిభవన్‌లో గాంధీ ఎదుట కూర్చుని, మమ్మల్ని పిల్లులకంటే కుక్కలకంటే హీనంగా చూసే దేశాన్ని నాదని ఎట్లా అనుకోను అని నిలదీసింది కూడా ఆయనే. అంత అవమానం పడ్డ జాతి పిల్లి దగ్గర కూర్చోవాలా అంటే, గుండెల్లో కలుక్కుమంటుంది. నాకూ అంటుంది.

కానీ ఒక్కసారి ఆలోచించండి. మహాడ్‌లో బాబాసాహెబ్ కోపం నీళ్లు తాగే పిల్లి మీద కాదు. పిల్లికి దొరికింది మనిషికి దొరకకుండా చేసిన వ్యవస్థ మీద. అదే బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించినప్పుడు, 13వ ప్రతిజ్ఞలో సకల ప్రాణుల మీద దయ చూపి కాపాడతానని అనిపించారు. మనుషులు అని రాసి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. ఆయన కన్నుమూశాక 1957లో అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' పుస్తకంలో కరుణకీ మైత్రికీ తేడా చూపారు. మనిషి మనిషి మీద చూపే ప్రేమ కరుణ. అక్కడితో బుద్ధుడు ఆగలేదు, ప్రాణమున్న ప్రతిదాని మీదా చూపే ప్రేమ మైత్రి, అది కరుణకన్నా విశాలం అని ఆయన వివరణ. ఆవు పేరు చెప్పి 2016లో ఊనాలో మనవాళ్లని కట్టేసి కొట్టినవాళ్లది మైత్రి కాదు. ఒక ప్రాణిని అడ్డం పెట్టుకుని మనిషిని కొట్టడం అది. మనం మైత్రిని వాళ్లకి వదిలేసి పోవాలా? అది మనది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాల్లో మనుషులకి వైద్యం, పశువులకి వైద్యం పక్కపక్కనే ఉన్నాయి. రెండు వేల రెండొందల ఏళ్లకు పైగా మన తెలుగు నేల మీదే ఉన్నాయి.

ఇంకో సంగతి. పిల్లి ఎదురొస్తే ఏం చేస్తారు? మన ఏ.ఎస్. రావు నగర్ పేరే ఒక శాస్త్రవేత్తది. ఇ.సి.ఐ.ఎల్.ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు. అట్లాంటి కాలనీలో పొద్దున్నే స్కూటర్ స్టార్ట్ చేసినాయన పిల్లి అడ్డం రాగానే బండి ఆపి, రెండు నిమిషాలు నిలబడి, ఉమ్మేసి పోతాడు. పక్కింటి పిల్లాడు రాయి తీసుకుంటాడు. రాజ్యాంగంలో 51ఎ అధికరణ పౌరుల విధులు చెబుతుంది. 1976లో 42వ సవరణతో చేర్చినది. అందులో (జి) ప్రాణుల మీద దయ చూపమంటుంది, వెంటనే (హెచ్) శాస్త్రీయ దృష్టి పెంచుకోమంటుంది. రెండూ పక్కపక్కనే. ఆ స్కూటరాయన ఒక్క ఉమ్ముతో రెండూ తప్పాడు.

ఎదురు రావడం అపశకునం అనే మాట మనకి కొత్తా? పీష్వాల కాలంలో పూనాలో మనవాళ్ల నీడ పడకూడదనేవారు, మెడలో ముంత కట్టారు, నడుముకి చీపురు కట్టారు. 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఇదంతా రాశారు. భర్త చనిపోయిన ఆడమనిషి ఎదురొస్తే ఈ రోజుకీ వెనక్కి తిరిగిపోయేవాళ్లున్నారు. నేను మనుషుల్ని పిల్లులతో పోల్చడం లేదు, ఆ మాట ఎవరూ అనుకోవద్దు. ఒక ప్రాణి కనబడటమే పాపం అనే బుద్ధి ఎక్కడ పుట్టిందో చెప్తున్నా. అది ఒక్క చోటే పుట్టింది. మహామంగళ సుత్తలో బుద్ధుణ్ణి ఏది మంగళం అని అడిగితే, ఆయన చెప్పిన జాబితాలో శకునాలు లేవు. మంచివాళ్ల తోడు, తల్లిదండ్రుల సేవ, మంచి మాట, ఇట్లాంటి నడవడికే ఉంది.

ఇక పిల్లి దగ్గరికి వద్దాం.

పిల్లి పిల్ల పుట్టాక రెండో వారం నుంచి ఏడో వారం వరకు దాని మనసు తెరిచి ఉంటుంది. అమెరికాలో టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ 1980లలో ఇది పరిశీలించి చెప్పారు. ఆ రోజుల్లో మనిషి చేయి మెత్తగా తగిలితే, మనిషంటే అన్నం పెట్టేవాడు అని నేర్చుకుంటుంది. ఆ రోజుల్లో మనిషే కనబడకపోతే, లేదా రాయిగా, చీపురుగా కనబడితే, అదే నేర్చుకుంటుంది. తర్వాత మార్చలేమని కాదు, చాలా నిదానంగా మారుతుంది. మన ఇళ్లల్లో ఏం చేస్తారో మీకు తెలుసు. పిల్లి ఈనితే పిల్లల్ని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, ఊరవతల వదిలేసి వస్తారు. తిరిగి దారి పట్టకుండా సంచి రెండుసార్లు గిరగిరా తిప్పుతారు కూడా. ఊరవతల అనే మాట విన్నప్పుడు మనకి మాత్రం కొంచెం ఆగాలనిపించాలి. ఇంట్లో పెంచి, ఇల్లు మారేటప్పుడు వదిలేసినవి ఇంకొన్ని. అవి మనిషిని నమ్మి మోసపోయినవి. బోనులో రెండూ ఒకేలా ముడుచుకుని కూర్చుంటాయి. ఏది ఎప్పుడూ మనిషిని ఎరగనిదో, ఏది మనిషి చేతిలో దెబ్బతిన్నదో మొదటి రోజు ఎవరూ చెప్పలేరు.

కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు అంటాం. ఆ పిల్లి కాలు ఎవరు కాల్చారని మాత్రం ఎప్పుడూ అడగం.

భయపడ్డ పిల్లి ఎట్లా ఉంటుంది? చెవులు పక్కలకి అణుస్తుంది. కంటిపాప పెద్దదై కన్నంతా నల్లగా కనబడుతుంది. ఒళ్లు నేలకి కరిపించి, తోక దగ్గరికి చుట్టుకుంటుంది. కొన్ని నిద్ర నటిస్తాయి, కళ్లు మూసి ఉంటాయి గానీ ఒళ్లు బిగిసి ఉంటుంది. కొత్త వలంటీర్లు ఇదిగో పడుకుంది అని చేయి పెట్టేది ఇక్కడే. ఇక బుస్సుమనడం. దాన్ని మనం పొగరు అంటాం. అది పొగరు కాదు, "దయచేసి దగ్గరికి రావద్దు" అని చెప్పడానికి దానికున్న ఆఖరి మాట. ఆ మాట వినకపోతే పంజా. గదిలో పెట్టి కొడితే పిల్లైనా తిరగబడుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

అంగుత్తర నికాయలో ఒక చోట బుద్ధుడు పంచశీలాలని ఐదు మహాదానాలు అన్నాడు. ప్రాణహింస మానినవాడు లెక్కలేనన్ని ప్రాణులకి భయం లేకుండా చేస్తున్నాడు, ఆ దానంలో తనకీ భాగం దొరుకుతుంది అని భావం. మనం దానం అంటే అన్నదానం, వస్త్రదానం అనుకుంటాం. ఇది అభయదానం. దీనికి డబ్బు అక్కర్లేదు. మెత్త సుత్తలో కూడా ఏ ప్రాణులకి మైత్రి పంపాలో చెప్పేటప్పుడు స్థిరంగా ఉన్నవాటితో పాటు వణికేవాటిని కూడా పేరుపెట్టి చేర్చారు. వణికే ప్రాణిని అంత ముందే గుర్తుపెట్టుకున్న ధమ్మం మనది.

అందుకని వలంటీర్ పిల్లలకి నేను చెప్పిన మొదటి మాట: శిక్షణ పిల్లికి కాదు, మీకు.

బోను గదిలోకి వెళ్లేముందు చెప్పులు బయట విడవండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. తలుపు చప్పుడు కాకుండా వేయండి. నిలబడి చూడకండి. పిల్లి ఎత్తులో చూస్తే మనిషి తాటిచెట్టంత ఉంటాడు. నేల మీద కూర్చోండి, ఎదురుగా కాదు, పక్కకి తిరిగి. కళ్లలోకి తదేకంగా చూడకండి, పిల్లి లోకంలో అది కొట్లాటకి పిలవడం. చూపు తగిలితే నెమ్మదిగా రెప్పలు సగం వాల్చి, మూసి, మళ్లీ నెమ్మదిగా తెరవండి. 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాలవాళ్లు ఇది పరీక్షించారు. మనిషి అట్లా రెప్ప వాలిస్తే పిల్లి కూడా తిరిగి వాలుస్తుంది, కొత్త మనిషి చేయి దగ్గరికైనా ఎక్కువగా వస్తుంది అని తేలింది. ఆనాపాన చేసేటప్పుడు మన రెప్పలు ఎట్లా వాలతాయో అట్లానే. మీకు అలవాటున్న పనే.

మొదటి కొన్ని రోజులు అంతే. కూర్చోవడం, లేచి రావడం. చేతులు ఒళ్లోనే. ఒక అమ్మాయి నాతో అంది, "అక్కా, గంట కూర్చున్నా, ఏమీ చేయలేదు" అని. ఆ గంటలో ఒక మనిషి వచ్చి ఏమీ చేయకుండా వెళ్లిపోయిందని ఆ పిల్లి జీవితంలో మొదటిసారి చూసింది. అది చిన్న పనా? ఊరికే కూర్చోలేకపోతే ఏదైనా పుస్తకం మెల్లగా పైకి చదవండి. మీ పరీక్షల పుస్తకమైనా సరే. మాటలు దానికి అర్థం కావు, గొంతు అలవాటవుతుంది. చదువూ అవుతుంది.

దాక్కునే చోటు తీసేయకండి. చాలామంది చేసే పొరపాటు ఇదే. దాక్కోనిస్తే ఎప్పటికీ బయటికి రాదని అట్టపెట్టె లాగేస్తారు. జరిగేది దానికి తలకిందులు. నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంవాళ్లు 2014లో ఒక షెల్టర్‌కి కొత్తగా వచ్చిన 19 పిల్లుల మీద చూశారు. కొన్నిటికి పెట్టె ఇచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. పెట్టె ఉన్నవాటికి మొదటి రోజుల్లో ఒత్తిడి బాగా తక్కువ, త్వరగా కుదురుకున్నాయి. దాక్కోవడానికి చోటు ఉన్న ప్రాణికే బయటికి వచ్చే ధైర్యం వస్తుంది. కిరాణా కొట్టులో అడిగితే అట్టపెట్టె ఊరికే ఇస్తారు. రెండు వైపులా కంత చేసి, పాత గుడ్డ పరిచి పెట్టండి.

తర్వాత తిండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. పాలు వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు, విరేచనాలు పడతాయి. మొదట గిన్నె పెట్టి దూరం జరగండి. రోజుకి ఒక జానెడు దగ్గరికి. ఆ తర్వాత పొడుగు చెంచా కొసన పెట్టి చాచండి, చేయి దూరంగా ఉంటుంది. చెంచా నాకిన రోజు కేకలు వేసి ఒకరినొకరు పిలుచుకోకండి, ఆ కేకకి వారం వెనక్కి పోతాం.

తాకడం అన్నిటికన్నా చివర. ఒక వేలు ముడిచి, ముక్కు ఎత్తులో, కొంచెం దూరంలో పెట్టి ఆగండి. అది వచ్చి వాసన చూసి, చెంప రుద్దితే, అనుమతి ఇచ్చినట్టు. చెంప మీద, గడ్డం కింద రెండు మూడుసార్లు నిమిరి చేయి తీసేయండి. తీసేసి చూడండి. ఇంకా కావాలంటే అదే ముందుకొస్తుంది. రాకపోతే ఆ రోజుకి చాలు. తల మీద నుంచి చేయి దించకండి, పై నుంచి వచ్చేది ఎప్పుడూ దెబ్బే అని దానికి తెలుసు. పొట్ట జోలికి పోకండి. మెడ మీది చర్మం పట్టి లేపకండి. అడగకుండా తాకకూడదు అనే సంగతి పిల్లి దగ్గర నేర్చుకున్న మగపిల్లలు బయట కూడా మర్చిపోకపోతే ఇంకా సంతోషం, అది ఇంకో పుస్తకంలో మాట్లాడుకుందాం.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. ఒక చిన్న ప్రైవేటు షెల్టర్‌లో, పేరు అనవసరం, మన బస్తీ పిల్లలు ఇద్దరు వెళ్తే మీరెక్కడుంటారు, ఇంట్లో ఏం పని చేస్తారు అని అడిగి, మలం ట్రేలు ఎత్తే పని అప్పజెప్పారు. పిల్లి పక్కన కూర్చుని పుస్తకం చదివే పని అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చినవాళ్లకి. మూడు వారాలు అంతే. కులం అంటే పనిని కాదు, పనిచేసేవాళ్లని విడదీయడం అని బాబాసాహెబ్ 1936లోనే రాశారు. అది షెల్టర్‌లోకి కూడా వచ్చి కూర్చుంది. పిల్లలు మానేస్తాం అన్నారు. నేను వద్దన్నాను. వెళ్లి నిర్వాహకులతో మాట్లాడాం. గొడవ పెట్టుకోలేదు, ఒక మాట అడిగాం: భయపడ్డ పిల్లికి అన్నిటికన్నా భయం ఎప్పుడు? ట్రే తీసేటప్పుడు. పెద్ద చేయి దాని చోటులోకి దూరేది అప్పుడే. అంటే అన్నిటికన్నా నేర్పు కావాల్సిన పని అదే. అందరికీ ఆ నేర్పు రావాలి కదా, అందరూ ట్రే ఎత్తాలి, అందరూ కూర్చోవాలి. వారానికో జాబితా గోడకి అంటించారు. ఇప్పుడు డాక్టర్ గారి అబ్బాయి కూడా ట్రే కడుగుతున్నాడు. మొదట మొహం ముడిచాడంట, తర్వాత అలవాటైంది.

మన పిల్లలకి కూడా ఒక కష్టం ఉంది. అది పిల్లి వల్ల కాదు, తృష్ణ వల్ల. ఇంతసేపు కూర్చున్నాను, ఇంత పెట్టాను, అది నన్ను ఇష్టపడాలి, నా ఒళ్లో పడుకోవాలి, ఫోటో తీసి స్టేటస్ పెట్టుకోవాలి. రాకపోతే కోపం. "దీనికి విశ్వాసం లేదు అక్కా" అంటారు. మనం ఇచ్చింది దానమా, అప్పా? అభయం ఇచ్చి, తిరిగి ప్రేమ వసూలు చేయాలనుకుంటే అది వడ్డీ వ్యాపారం. దశ పారమితల్లో ఖంతి ఉంది, ఉపేక్ఖ ఉంది, 12వ ప్రతిజ్ఞలో వాటిని పాటిస్తామని మాట ఇచ్చాం. ఉపేక్ఖ అంటే పట్టించుకోకపోవడం కాదు. రోజూ అదే టైముకి వెళ్లడం, అదే చోట కూర్చోవడం, వచ్చినా రాకపోయినా మొహం మారకపోవడం. కొన్ని పిల్లులు ఎప్పటికీ ఒళ్లోకి రావు. మనిషిని ఎరగకుండా పెరిగిన పెద్ద పిల్లిని ఇరుకు బోనులో నెలల తరబడి పెట్టి ప్రేమ నేర్పడం కూడా హింసే. అట్లాంటిదానికి ఆపరేషన్ చేయించి, టీకాలు వేయించి, తిండి పెట్టేవాళ్లున్న దాని పాత చోటులోనే వదలడం మేలని అనుభవమున్నవాళ్లు చెబుతారు. ఆ నిర్ణయం వలంటీర్ ఒక్కడిది కాదు, డాక్టర్, నిర్వాహకులు కలిసి తీసుకోవాలి. దాన్ని ఓటమి అనుకోకండి. దూరంగా కూర్చుని, పారిపోకుండా మీ ముందు తింటే, ఆ పిల్లికి అందాల్సింది అందింది.

తల్లిదండ్రులు అడుగుతున్న సంగతి ఒకటి, గోళ్లు, కాట్లు. కరిచినా గీరి రక్తం వచ్చినా వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టకూడదు. అదే రోజు ఆస్పత్రికి పోయి రేబిస్ టీకా గురించి అడగాలి. నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ వాళ్ల దగ్గర ఈ టీకా వేస్తారు. చిన్న గీత కదా అని దాచిపెడితే ఒప్పుకోను. వలంటీర్‌గా చేరేముందే టీకాలు వేయించుకోవడం ఇంకా మంచిది, డాక్టర్‌ని అడగండి.

ప్రతి బోనుకీ ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, టైము, ఎవరు కూర్చున్నారు, ఎంత దూరంలో కూర్చున్నారు, చెవులు ఎట్లా ఉన్నాయి, తిన్నదా లేదా. ఇష్టం, ప్రేమ అనే మాటలు రాయకండి, కంటితో చూసింది మాత్రమే రాయండి. ఒకళ్లు రాసింది తర్వాత వచ్చేవాళ్లు చదివాకే లోపలికి వెళ్లాలి, లేకపోతే ఒకళ్లు రెండు అడుగుల దూరం సంపాదిస్తే ఇంకొకళ్లు పోగొడతారు. మన అమ్మాయి రాసిన ఒక పేజీ నేను చూశాను. పదకొండు రోజులు వరసగా ఒకే మాట, "పెట్టెలోనే ఉంది." పన్నెండో రోజు, "పెట్టెలోనే ఉంది. తోక బయట ఉంది."

జై భీమ్! నమో బుద్ధాయ!